లైబ్రరీలో బాపు గొంతు

శనివారం రాత్రి, గోడాదరా

యూనివర్సిటీ సాహిత్య లైబ్రరీలో కొత్త పుస్తకాల వార్తల పక్కన ఈ వారం నా తెలుగు కవితను బోర్డు మీద పెట్టారు. చూపిద్దామని బాపును తీసుకెళ్లాను. ఇన్నేళ్లూ కార్ఖానాలో బట్ట నేసే సాంచాల మోత మీద అరిచి మాట్లాడిన మనిషి, కవితనూ అలాగే పైకి చదివాడు. అందరూ తలలెత్తారు. గుజరాతీ లైబ్రేరియన్ రేఖాబెన్ లేచి వస్తుంటే బాపు భుజం తట్టి ఆపబోయాను. ఆమె మెల్లగా ఏదో అంది. బాపుకు వినబడలేదు.

"ఏమన్నది బిడ్డా, తిట్టిందా?"

"లేదు బాపూ. తెలుగు ఎట్లుంటదో ఎన్నడూ వినలేదట. ఇంకోసారి చదువుమంటున్నది."

రేఖాబెన్ మేలు మరచిపోలేను. బాపు చెవుల గురించే దిగులు. డాక్టరు దగ్గరికి పోదామంటే రేపు, ఎల్లుండి అంటాడు...

రెండోసారి ఆమె కోసం గొంతు తగ్గించి చదివాడు. బాపు గొంతు అంత మెత్తనిదని నాకు ఇవాళే తెలిసింది.