ఎద్దులబండి టైర్లు

వేంపల్లె

ఆస్మా,

నిన్న మధ్యాహ్నం కమలాపురం దాటాక అబ్బా పాతకారు ముందు టైరు పేలింది. మాకిద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు. నా ఫోను పగిలింది, అందుకే ఈ కార్డు.

పేలిన టైరు ఎద్దులబండిది. దిగి చూస్తే నాలుగూ అవే! అంత పెద్ద చక్రాలకు కారు టైర్లు ఎక్కడా దొరకలేదట. బండివి అచ్చంగా సరిపోయాయట. వాటి మీద అరవై వేగంతో వచ్చాం.

"సైజు సరిపోయిండాది గదరా, ఇంగేం కావల్ల?" అన్నారు అబ్బా.

పెళ్లిరోజు షమాను ఆ కారులోనే హాలుకు తీసుకెళ్లాలని ఆయన పట్టుదల. చెల్లెల్ని ఎక్కనివ్వనన్నాను. రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. పొద్దున పక్కింటి ఓబులేష్ తన బండి టైరు ఒకటి తెచ్చిచ్చి, "ఎద్దుల టైర్లకు ఎద్దుల్నే కడదాం పా, మామా" అన్నాడు. అబ్బా నవ్వి, టీ అడిగారు.

వచ్చేటప్పుడు నా షేర్వానీ మరవకు. కర్నూల్లో కుళాయి నీళ్లు వస్తున్నాయా? పిల్లలకు నా దువా.

వచ్చే శుక్రవారం నమాజు తర్వాత ఓబులేష్ ఎద్దులు కారును హాలు దాకా లాగుతాయి. వెనక సీట్లో షమా, స్టీరింగు దగ్గర అబ్బా.

తౌసిఫ్