నీ కూతుర్ని చేర్పించబోయిన చోటు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను మగ్గం పనికి పోవాలి గనక, నీ కూతుర్ని ధర్మవరంలో పిల్లల్ని చూసుకునే చోటికి తీసుకెళ్లాను.

"లైసెన్సు ఉండాది, భయమేల?" అంది ఆ చోటు నడిపే ఆయమ్మ.

"ఆఫీసరు తనిఖీ చేసి రాసిన కాగితం చూపించు."

"ఇంతవరకూ ఎవురూ అడగలేదే!"

నేను కదల్లేదు. విసుక్కుంటూ తెచ్చిచ్చింది. 'పెరట్లో నీళ్లతొట్టికి వెంటనే మూత వేయించాలి' అని ఉంది. పరుగెత్తి చూశాను. తొట్టి నిండా నీళ్లు, మూత లేదు. పాప నా చెయ్యి విడిపించుకుని అటే ఉరికింది. గబుక్కున చంకనేసుకున్నాను.

వాకిట్లో బిడ్డలతో నిలబడ్డ తల్లులకు ఆ కాగితం గట్టిగా చదివి వినిపించాను. ఒక్కరూ లోపలికి పోలేదు.

"ఈ పాపకు నువ్వేమైతావు?" అని ఆయమ్మ అరిచింది.

"అమ్మను" అన్నాను. పిన్నిని అనడానికి నోరు రాలేదు. కోపం తెచ్చుకోకక్కా.

నీ చెల్లెలు