అప్పటికే వదిలిన రాకెట్

బావా,

నువ్వు సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాక ఇవాళ్టికి ఏడాది. మద్దిలపాలెం నెట్ సెంటర్లో పాత కంప్యూటర్లు తీసేస్తున్నారంటే వెళ్లి, మన పాత షూటింగ్ గేమ్‌లో నువ్వు ఆఖరున సేవ్ చేసింది తెరిచాను. కొత్త గేముల్లో బొమ్మలే నిగనిగలాడతాయి, తలుపు తియ్యాలంటే గుండె జారేది పాతవాటిలోనే అనేవాడివి. నిజమే.

కానీ నువ్వు శత్రువు వదిలిన రాకెట్ మీదకొస్తుండగా సేవ్ నొక్కేశావు. తెరిచిన ప్రతిసారీ చచ్చిపోతున్నాను. ఎడమకి జరిగినా, కుడికి జరిగినా, వెనక్కి పరిగెత్తినా అంతే.

నిరుడు కూడా హార్బర్లో తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశాకే నువ్వు పడవ దించావు. "జెండా ఎప్పుడూ ఎగరేత్తారు. గాలేటీ లేదు కదా బావ" అన్నావు.

సాయంత్రం మీ ఇంటివైపు వెళ్లాను. మళ్లీ జెండా ఎగరేశారు. సముద్రం నూనెలా కదలకుండా ఉంది. మీ అయ్య పడవలో వల సర్దుతున్నాడు. వద్దన్నాను.

"గాలేటీ లేదు కదా బాబూ. ఇలాగొచ్చి ఓ సెయ్యెయ్యి" అన్నాడు.

నిరుడు నీ పడవ తోసిన చేతుల్ని జేబుల్లోంచి తియ్యలేదు బావా. అయినా మీ అయ్య పడవ నీళ్లలోకి దిగింది.