పై పొర కొట్టుకుంటూనే ఉంది

అక్కయ్యకు నీ తమ్ముడు నమస్కరించి రాసేది. నిద్ర చాలడం లేదన్న మాటే గానీ, ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చించెయ్యడం, లేచి గదిలో తిరగడం... ఉదయం నుంచీ ఇదే వరస.

కిందటి ఉత్తరంలో రెండు ప్రశ్నలు వేశావు. "ఒరేయ్, నువ్వు పెంచే గుండెకి నీకున్నంత కోపం వస్తుందా?" అని ఒకటి. అది నీ రక్తంలోంచి తీసిన కణాలతో పెరుగుతోంది కాబట్టి, వస్తే గిస్తే నీ మొండితనమే రావాలి. "ఇంకా ఎన్నాళ్లురా?" అన్నది రెండోది. ఆ జవాబు దగ్గరికి వచ్చేసరికే కాగితం చించేస్తున్నాను.

ముందు మా ల్యాబ్ సంగతి చెబుతాను. గుండె కండని పల్చటి పొరగా పెంచడం మాకు చేతనవును. మందం పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఊపిరి అందదు. అందుకని వాటి మధ్య సన్నని రక్తనాళాలు పెంచుతున్నాం. అవి పసివి. పోషక ద్రవాన్ని మొదట చుక్క చుక్కగా పంపి, అవి తట్టుకునే కొద్దీ జోరు పెంచాలి. నాకు ఆగబుద్ధి కాలేదు. మాటిమాటికీ ఆ కణాలు పెరిగే వెచ్చని పెట్టె తలుపు తీసి చూస్తుంటే మా ల్యాబ్ పెద్ద మేడమ్ కసిరారు. "ఏమయ్యా, నువ్వు తొంగి చూస్తే త్వరగా పెరుగుతాయా అవి?"

ఆవిడ అటు వెళ్లగానే పంపు జోరు పెంచేశాను. మర్నాటికి నాళాలన్నీ చిట్లిపోయాయి. పై పొర మాత్రం ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటూనే ఉంది. కోసి చూస్తే మధ్యంతా చచ్చి ఉంది. మేడమ్ తిట్టలేదు. "ఎవరి కోసమయ్యా ఈ తొందర?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

అక్కా, అసలు మాట ఇది. నీకు పంపిన వీడియోలో కొట్టుకున్నది గోరంత ముక్క, పల్చటి పొర. ఇలాంటిది మనిషి గుండెకు అతికే రోజు వస్తుందనే నా నమ్మకం. కానీ నీకు అందేటంత త్వరగా రాదు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. "మా తమ్ముడు నాకు గుండె పెంచుతున్నాడు" అని నువ్వు అందరికీ చెప్పుకుంటుంటే కాదనడానికి నోరు రాలేదు.

బావగారు ఫోన్ చేశారు. బలం తగ్గిన నీ గుండెకు తోడుగా మెషీన్ అమర్చే ఆపరేషన్‌కి నువ్వు ఒప్పుకోవడం లేదట. "నీ మీద నమ్మకంతో కూర్చుందయ్యా, నువ్వైనా చెప్పు" అన్నారు. నమ్మకం కాదక్కా, నీకు భయం. చిన్నప్పుడు ఇంజెక్షన్ అంటే నన్ను ముందుకు తోసి వెనక దాక్కునేదానివి. ఇప్పుడూ నా వెనకే దాక్కున్నావు. ఇంక బయటికి రా.

ముక్క పాడైతే మళ్లీ మొదలుపెట్టొచ్చు, పెట్టాను కూడా. నీ విషయంలో అలా కుదరదు. నాకూ భయంగానే ఉంది. సెలవు దొరికింది, శుక్రవారం వస్తున్నాను. ఈలోగా డాక్టరుగారికి సరేనని చెప్పు. ఆపరేషన్ గది తలుపు దాకా నీ చెయ్యి వదలను. లోపలికి మాత్రం నువ్వొక్కదానివే వెళ్లాలి.

ఇట్లు,
బయట నిలబడి ఉండబోయే
నీ తమ్ముడు