బీరువా పిడికి రాసిన పౌడరు

అక్కా,

కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. మాత్ర మరిచిపోకండి. పిల్లల్ని బడి నుంచి నేనే తీసుకొస్తాను.

బీరువాలోంచి పోయిందనుకున్న నా చెవి కమ్మ దిండు గలీబులో దొరికింది. నిన్న మనం చూసిన సినిమాలో దొంగ కోసం డిటెక్టివ్ చేసినట్టే, నేనూ బీరువా పిడికి పౌడరు రాశాను. అది మీ వేళ్ల మీద కనబడగానే, తోడికోడలినే దొంగంటూ మీ మరిది ముందు, పిల్లల ముందు నిలదీశాను. మీరు బీరువా తెరిచింది ఇస్త్రీ చేసిన నా చీరలు పెట్టడానికి. "డిటెక్టివ్ గారూ, దొంగ చేత్తో వడ్డిస్తే తింటారా?" అని మీరు నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను. సాయంత్రం వాళ్లందరి ముందే క్షమాపణ అడుగుతాను.

పిడి తుడిచాను. బీరువాకు తాళం వేయలేదు. మిగిలిన చీరలు కూడా మీరే సర్దండి. నేను పెట్టిన మడత నాకే నచ్చదు.