కాటుక చుక్క పెట్టిన విమానం

శుక్రవారం, పజుండౌంగ్ పేట

సైన్యంలో చేరాల్సిన వాళ్ల జాబితాలో అన్నయ్య పేరుంది. వార్డు ఆఫీసు వాళ్లు మధ్యాహ్నం వచ్చి చెప్పారు. సోమవారమే వెళ్లాలట. సంతకం పెట్టించుకుని, మా ఇంట్లో టీ తాగి మరీ వెళ్లారు.

సాయంత్రం అన్నయ్య ఏమీ జరగనట్టు తన బొమ్మ విమానం ముందు కూర్చున్నాడు. అమ్మ పూలు కట్టే దారంతో పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య తీగలు బిగించాడు. వెనకటి ప్రపంచ యుద్ధంలో మాల్టా దీవిని కాచిన విమానం అది. శత్రువులు గుంపులుగా వచ్చి బాంబులేస్తుంటే, ఇలాంటి పాతవి నాలుగైదు ఎదురెళ్లాయి. అవి పైకి లేచేదాకానే అన్నయ్య తన పుస్తకంలోని కథ చెబుతాడు. తర్వాతది ఎప్పుడూ చెప్పడు.

అమ్మ కాటుక తెచ్చి అన్నయ్య చెంపకి దిష్టి చుక్క పెట్టింది. అదే వేలితో విమానం రెక్కకీ పెట్టింది. దాన్ని ముట్టుకుంటేనే అరిచే మనిషి, ఈవేళ రెక్కని అమ్మ వైపు వంచి పట్టుకున్నాడు.

"అప్పన్నా, ఇవన్నీ ఇంటికి తిరిగొచ్చీసినాయేట్రా?" అని అడిగింది అమ్మ.

"అన్నీ వచ్చీసినాయమ్మా," అన్నాడు, దారం ముడేస్తూ.

అమ్మ నిమ్మళంగా వంటింట్లోకి వెళ్లింది. అన్నయ్య నా వైపు చూడలేదు. ఆ పుస్తకం నేనూ చదివాను.