నీ కారు కోసం నాసర్ వచ్చాడు

తమ్ముడూ,

నువ్వు పోయి ఏడాదైన రోజునే నీ ఒమానీ స్నేహితుడు నాసర్ మా హాస్పిటల్ క్వార్టర్స్‌కి వచ్చాడు. షోరూం నుంచి తెచ్చుకున్న కొత్త అమెరికన్ కారులో వచ్చాడు. దాని హోరుకి ఇబ్రా ఊళ్ళో మా వీధంతా తల తిప్పి చూసింది. పాత బండి కొని, పెద్ద ఇంజన్ ఎక్కించి నువ్వు సొంతంగా తయారుచేసుకున్న కారును తనకు అమ్మమన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. కంపెనీ కారు కొనుక్కోకుండా ఈ తుక్కుతో తంటాలెందుకని నిన్ను ఎగతాళి చేసినవాడు కదా! ఇంజన్ ఊడదీసి ఎవరికో అమ్ముకుంటాడని అనుకున్నాను.

"కొత్తది ఉందిగా, ఇదెందుకు నీకు?" అని హిందీలో నిలదీశాను.

"కొత్తదాని బానెట్ తెరవాలంటే భయం సిస్టర్. నేను చెయ్యి పెడితే వారంటీ పోతుందంట. దీన్లో సగం బోల్టులు నేను బిగించినవే. మీ తమ్ముడు దగ్గరుండి నేర్పాడు," అన్నాడు.

ఆ సంగతి నువ్వెప్పుడూ నాకు చెప్పలేదు. అందుకే నమ్మలేదు.

"అయితే స్టార్ట్ చేసి చూపించు."

బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది. నాసర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన కొత్త కారు బానెట్ ఎత్తి, ఆ బ్యాటరీ నుంచి నీ కారుకి వైర్లు కలిపాడు. నీ ఇంజన్ అందుకోగానే వైర్లు తీసి, నీ కారు బానెట్ మూసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

నేను కారు అమ్మలేదు. తాళం కూడా ఇవ్వలేదు. ప్రతి శుక్రవారం వచ్చి స్టార్ట్ చేసి వెళ్ళమన్నాను. నేను పక్కనే నిలబడి చూస్తుంటానని కూడా చెప్పాను.

అక్క